మగ్గం ఆగిన చోట

బమ్రోలి, సూరత్
12 జనవరి 2025

చి. ల. సౌ. కోడలు సింధూజను మామ సోమలింగం దీవించి రాయునది.

ఇక్కడ నేనూ మీ అత్త ఎల్లవ్వా బతికి ఉన్నాం. క్షేమం అని రాయబోతే కలం సాగలేదు. అబద్ధమాడితే నాలుక పుచ్చిపోతుందని ప్రతి శనివారం మార్కండేయుని గుడిలో మైకు పట్టుకుని అరిచేది నేనే కదా.

నువ్వు మీ అమ్మగారింటికి పోయి అయిదు నెలలు. మీ అత్తతో ఫోనులో మాట్లాడతావు. ఆమె ఫోను తెచ్చి నా చెవికి పెడుతుంది. నలభై ఏండ్లు పవర్‌లూముల నడుమ నిలబడిన చెవి ఇది. మగ్గం ఆగినా లోపల ఆడుతూనే ఉంటుంది, ఇంకేమీ వినిపించదు. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి మాట పట్టుకుంటాను. కారఖానాలో అందరం అట్లాగే మాట్లాడుకుంటాం. ఫోనుకు పెదవులు లేవు. ముఖం కనిపించే ఫోను చేద్దామంటే నువ్వు వద్దన్నావని మీ అత్త చెప్పింది. అందుకే ఉత్తరం.

ఒక ముచ్చట చెబుతాను విను. పోయిన నెల మా కారఖానాకు వీణ అనే పిల్ల వచ్చింది. తండ్రి రైల్వేలో గుమాస్తా, మన తెలుగువాళ్ళే. పిల్ల ఇక్కడే పుట్టి ఇక్కడి యూనివర్సిటీలో చదువుతోంది. మగ్గాల మధ్య నిలబడి నోరు ఇంత తెరిచి, "అంకుల్, మీరు నేస్తరు, మళ్ళ ప్రవచనం గూడ చెప్తరంట. మాకు ఇద్దరు గావాలె. మీరైతే టూ ఇన్ వన్" అన్నది.

సంగతేమిటంటే, అక్కడ మంగళవారం మంగళవారం కొందరు కూడి పాతకాలపు గ్రీసు దేశపు తత్వం చదువుతారట. లెక్కలు చెప్పే దేశాయి సారు, సంస్కృతం చెప్పే ఒకామె (ఇక్కడి పద్ధతిలో అందరూ బెన్, అంటే అక్క, అని పిలుస్తారు), ఒక డాక్టరు, వీణ లాంటి పిల్లలు నలుగురు. ఆ గ్రీకులు మాటకు ముందు నేతపని తెస్తారట. రాజ్యమేలడం నేత లాంటిదంటారట, మాట్లాడటం నేత లాంటిదంటారట. చదివేవాళ్ళలో ఒక్కరికీ పడుగేదో పేకేదో తెలియదు. మంగళవారం మాకు సెలవే. చీకటింట్లోకి దీపం పట్టుకుపోయినట్టు పోయాను.

వాళ్ళకొక గురువున్నాడు. ఆయన పేరు నా నోరు తిరగదు, గురువనే రాస్తాను. పిల్లలను చెడగొడుతున్నాడని ఊరివాళ్ళు ఆయనకు విషం తాగే శిక్ష వేశారు. ఆ చివరి దినం కూడా జైలులో స్నేహితులతో కూర్చుని, చచ్చేది దేహమే, ఆత్మ కాదని వాదించాడట. నేను బల్ల గుద్ది లేచాను. "గీ ముచ్చట మాకు కృష్ణ పరమాత్మ యుద్ధం నడుమ చెప్పిండు. పాత బట్ట ఇడిసి కొత్త బట్ట కట్టినట్టు ఆత్మ దేహం మారుస్తది. నేతోళ్ళకు గింతకంటే కొత్తగ ఏం చెప్తరు మీరు" అన్నాను. బెన్ నవ్వి చాయ్ తెప్పించింది.

ఇక అసలు మాట. నాగపంచమి నాడు ప్రణయ్‌కు ఏడాది నిండుతుంది. పంచాంగంలో జులై 29 అని ఉంది. తాపి నది ఒడ్డున సంవత్సరికం పెట్టి నాలుగు మంచి మాటలు చెబుతాను. నా ఒక్క కొడుకు కర్మకు వాడి భార్య లేకపోతే అది కర్మ కాదు. నువ్వు రావాలి. ఇప్పటినుంచే చెబుతున్నాను.

మార్కండేయుని నీడలో,
నీ మామ సోమలింగం


సిరిసిల్ల
27 జనవరి 2025

మామయ్యకు సింధూజ నమస్కారాలు.

ఉత్తరం అందింది. పైకి చదవమని అమ్మ పక్కన కూర్చుంది. మొదటి పంక్తి దగ్గరే ఆపేశాను. లక్ష్మీ సౌభాగ్యవతి అని రాశారు. ఇన్ని శాస్త్రాలు చదివినవారు, ఆ మాట నాకిప్పుడు రాయరాదని మీకు ఒకరు చెప్పాలా?

నేను సంవత్సరికానికి రాను. ఎందుకు రానో కూడా రాస్తాను, మళ్ళీ అడగకుండా.

ఆ శుక్రవారం ఆయన మగ్గం ఆపి, ఛాతీ బరువుగా ఉందని నేల మీద కూర్చున్నారట. ఆసుపత్రి గేటు కూడా దాటలేదు. ముప్పై ఒక్క ఏండ్ల మనిషి. మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టి వచ్చాం. కాకి ముట్టిందని అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, మీరు టిఫిన్ డబ్బా పట్టుకుని కారఖానాకు బయలుదేరారు. నేను గడపలో కూర్చుని ఉన్నాను. నన్ను దాటుకుని పోయారు. ఆయన మగ్గం మీదే నిలబడ్డారని మధ్యాహ్నానికి బస్తీ అంతా తెలిసింది. "కొడుకు సల్లారకముందే మగ్గం జాగ ఇంకోనికి పోతదని ఉరికిండు" అని పక్కింటి పోశమ్మ నా ముందే అన్నది. నేను తల దించుకున్నాను.

పదో రోజు మైకు పెట్టించారు. దేహం బట్ట, ఏడ్చేవాడు మూర్ఖుడు అన్నారు. మీ కంట్లో చుక్క లేదు. ఊరంతా మిమ్మల్ని మెచ్చుకుంది.

నేను ఇక్కడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. అత్తమ్మను మోకాళ్ళకు నూనె రాసుకోమనండి.

సింధూజ


బమ్రోలి
9 ఫిబ్రవరి 2025

చిరంజీవి సింధూజకు,

సౌభాగ్యవతి అన్నది చేతి అలవాటు. తప్పే, కొట్టెయ్యి.

మూడో రోజు నేను ఎందుకు పోయానో చెప్పను. చెబితే సంజాయిషీ అవుతుంది. నేను దేవుడికి తప్ప సంజాయిషీ ఇచ్చినవాణ్ణి కాను. పోశమ్మ నోటికి తాళం ఆ బ్రహ్మ కూడా వేయలేదు, నేనెంత.

ఇక ఏడుపు మాట. ఏడిస్తే పోయినవాడి కాళ్ళకు అడ్డం పడుతుందని పెద్దలు చెప్పారు. నేను చెప్పిన ధర్మం నా ఇంట్లో నిలబడకపోతే ఆ గుడిలో నా మాట ఎవడు వింటాడు? తాగుబోతు కొడుకులను పోగొట్టుకున్న ఎందరు తల్లులకు నేను ఏడవొద్దని చెప్పలేదు? నా వంతు వచ్చినప్పుడు తప్పించుకోనా?

యూనివర్సిటీలో మొన్న మంచి తమాషా అయింది. దేశాయి సారు నల్లబల్ల మీద మగ్గం బొమ్మ గీశాడు. పడుగును అడ్డంగా, పేకను నిలువుగా గీశాడు. "సారూ, గిట్ల నేస్తె అంగీ కాదు, చేపల వల వస్తది" అన్నాను. వీణ హిందీలో చెప్పేసరికి అందరూ పడిపడి నవ్వారు. నా కండువా తీసి, కొస విప్పి, దారం దారం చూపించాను. పడుగు బిగువుగా ఉండాలి, పేక మెత్తగా ఉండాలి, రెండూ బిగువైతే తెగుతాయి, రెండూ మెత్తనైతే నిలవదు అన్నాను. బెన్ లేచి, రాజ్యంలో ధైర్యం గలవాళ్ళనూ నెమ్మదిగలవాళ్ళనూ అట్లాగే కలిపి నేయాలని ఆ గ్రీకులు అన్నారని చెప్పింది. అది అన్నవాళ్ళు ఏనాడో ఒక నేతగాడి పక్కన కూర్చున్నవాళ్ళే, సందేహం లేదు. నాకు శాలువా కప్పారు. నాకు గర్వమే అయింది, దాచను.

ఇంకొకటి విను, నీకు ఉపయోగపడుతుంది. ఆ గురువు చనిపోయే దినం ఆయన భార్య పసిబిడ్డను ఎత్తుకుని వచ్చి గుండెలు బాదుకుందట. "ఈమెను ఎవరైనా ఇంటికి తీసుకుపొండి" అన్నాడట ఆయన. తర్వాత గిన్నె ఎత్తగానే స్నేహితులు ఏడిస్తే వాళ్ళనూ మందలించాడట. చూడు, సముద్రాలవతల, మన దేవుడి పేరు వినని మనిషి కూడా నా మాటే అన్నాడు.

జులైకి టికెట్టు తమ్ముడు రాజలింగం తీసి పెడతానన్నాడు. ఎటూ వాడు వచ్చే నెల సిరిసిల్లకు వస్తున్నాడు.

నీ మామ సోమలింగం


సిరిసిల్ల
2 మార్చి 2025

మామయ్యకు,

ఆ భార్య పేరేమిటో అడిగారా? ఆమెను ఇంటికి ఎవరు తీసుకుపోయారు, ఇంటికి పోయాక ఆమె ఏం చేసింది, ఆ పుస్తకాలు చదివేవాళ్ళలో ఒక్కరైనా అడిగారా? పసిబిడ్డనెత్తుకుని జైలు దాకా నడిచి వచ్చిన మనిషి అడ్డమైపోయిందా వాళ్ళ మాటలకు?

నాకు ఉపయోగపడుతుందని రాశారు. పడింది. పదో రోజు మీరు మైకులో మాట్లాడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మీరు మాట ఆపి, చెయ్యి చూపి, "ఎల్లవ్వా, పిల్లను లోపలికి తీస్కపో" అన్నారు. లోపలికి పోయాను. తలుపు వేశారు. నా భర్త కర్మ నేను తలుపు సందులోంచి విన్నాను.

అత్తమ్మ మీ శాలువా ఫోటో పంపింది. కింద, "మీ మామ అక్కడ మనోని ముచ్చట గూడ చెప్పిండంట" అని మాట రికార్డు చేసి పెట్టింది. ఆయన చావును పెద్దపెద్దవాళ్ళ ముందు ఉదాహరణగా చెప్పారా, మామయ్యా? దాని మీదే శాలువా కప్పారా?

టికెట్టు తీయొద్దనండి.

సింధూజ


బమ్రోలి
20 మార్చి 2025

సింధూజకు,

ప్రణయ్ సంగతి అక్కడ చెప్పాను. కొడుకును తాపి ఒడ్డున కాల్చి వచ్చి కూడా నేను చలించలేదు, ధర్మమంటే ఇది అన్నాను. నిజం చెప్పడానికి సిగ్గుపడను.

సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. రాజలింగం నిన్న సిరిసిల్ల నుంచి తిరిగి వచ్చాడు. మీ ఇంటికి పోదామని గల్లీ మలుపు తిరిగేసరికి, ముగ్గురు మగవాళ్ళు తెల్లచొక్కాలు వేసుకుని మీ వాకిట్లో కారు దిగుతున్నారట. మీ నాయన ఎదురేగి లోపలికి తీసుకుపోయాడట. ఎదురింటామె, "చూసిపోను వచ్చిన్రు" అన్నదట. వీడు గడప తొక్కకుండా వెనక్కి వచ్చాడు. నా ముందు కూర్చుని పెదవులు మెదపడానికి వాడికి గంట పట్టింది.

ఏడు నెలలు. నా కొడుకు బూడిద ఇంకా నదిలోనే ఉంది. పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకునే సంగతి భగవంతుడు ఆత్మకు చెప్పాడు గాని ఆలికి చెప్పలేదు. నువ్వు రానంటే నాకు అర్థం కాలేదు. ఇప్పుడైంది.

సోమలింగం


బమ్రోలి
24 ఏప్రిల్ 2025

బిడ్డా సింధూజా,

నెల దాటింది, నీ జవాబు లేదు. మీ అత్తతో కూడా మాట్లాడటం మానేశావట. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టి అటు తిరిగి కూర్చుంటుంది. పెదవులు కనిపించకపోతే నాకు మాట లేదని ఆమెకు తెలుసు.

నా మార్చి ఉత్తరం చింపెయ్యి. నువ్వు పెండ్లి చేసుకుంటే చేసుకో. నాకేం హక్కు.

మొన్న మంగళవారం జరిగినది ఎవరికైనా చెప్పాలి. గుడిలో చెప్పలేను.

మళ్ళీ ఆ గురువు చావే చదువుతున్నాం. ఆత్మ చావదని ఆయన ముగించాడు. అందరూ ఒప్పుకున్నారు. అప్పుడు ఒక కుర్ర శిష్యుడు లేచి అడ్డు చెప్పాడట. వీణ నా ఎదురుగా కూర్చుని మెల్లగా పెదవులు కదిలించి ఒక్కొక్క మాట చెప్పింది. "అంకుల్, ఒక ముసలి నేతగాడు ఉన్నడనుకోండి. బతికినన్ని రోజులు తనే నేసుకున్నడు, తనే కట్టుకున్నడు, అన్ని చినిగినయి, ఆయన ఉన్నడు. గని ఆఖరిది ఒకటి నేసి, అది చినగకముందే పోయిండు. అప్పుడు మనిషి పోయిండు, బట్ట ఉన్నది. అవునా? ఆత్మ గూడ గట్లనే ఎన్నో దేహాలు మార్చి, ఏదో ఒక ఆఖరి దేహంతోని పోదని గ్యారంటీ ఏంది అని అడిగిండు ఆ పిల్లగాడు."

నేను నవ్వబోయాను. బట్ట ముందు పోతుంది, మనిషి నిలుస్తాడు. నలభై ఏండ్లుగా నేను చెప్పేది అదే. బట్ట నిలిచి, నేసినవాడు ముందు పోతాడని ఎవడూ ఎప్పుడూ నాకు చెప్పలేదు.

అప్పుడు బెన్ నా వైపు తిరిగింది. "కాకా, మీరు చెప్పండి. నేతగాడు ఏమంటాడు?" అన్నది. అందరూ నన్నే చూస్తున్నారు. ఎంత పెద్ద పండితుడు ఎదురైనా నోరు మూయని సోమలింగాన్ని. నీళ్ళు తాగాను. గురువు ఏం జవాబు చెప్పాడని అడిగాను. ఏదో చెప్పాడట, చాలా పొడుగు జవాబు. నేను వినలేదు. చెప్పులు మరిచిపోయి ఉధ్నా దాకా ఒట్టి కాళ్ళతో వచ్చాను.

శనివారం గుడిలో జనం కూర్చున్నారు. ఒంట్లో బాగా లేదని చెప్పి దిగిపోయాను. మార్కండేయుడు పదహారేండ్లకు యముణ్ణి వెనక్కి పంపాడని మన కులమంతా తలెత్తుకుని చెప్పుకుంటాం. నా కొడుకు ముప్పై ఒకటి దాకా ఆగాడు, యముడు ఒక్కసారి వచ్చినందుకే పోయాడు.

నీ మామ


సిరిసిల్ల
15 మే 2025

మామయ్యకు,

వచ్చినవాళ్ళు నన్ను చూడటానికి కాదు, మా తాత చేమగ్గాన్ని చూడటానికి. గుంట మగ్గం, మూలన పడి ఉంది. హైదరాబాదులో ఏదో ప్రదర్శనశాలలో పెడతారట. కొలతలు తీసుకుని, ఫోటోలు తీసి పోయారు. రాజలింగం బాబాయి గడప దాటి ఒక్క మాట అడిగి ఉంటే చాయ్ తాగి పోయేవాడు. ఎదురింటామె అన్నది కూడా నిజమే, చూసిపోవడానికే వచ్చారు.

మీ మార్చి ఉత్తరం చింపలేదు. చింపితే మరిచిపోయినట్టవుతుంది.

బట్ట సంగతి మీరే ఎత్తారు కాబట్టి ఒకటి అడుగుతాను. పదో రోజు ఆయన బట్టలన్నీ మూట కట్టించి తాపిలో వదలమన్నారు. నేను మీ కాళ్ళ దగ్గర కూర్చుని, ఒక్క అంగీ దాచుకుంటానన్నాను. నీలి గీతల అంగీ. మెడ దగ్గర నేనే కుట్టింది. నా ముఖం చూసే విన్నారు మీరు, వినపడలేదనకండి. "వాని దేహమే పాత బట్ట. పాత బట్ట మీది పాత బట్టకు మోహమేంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మాటకు తల ఊపారు. మూటలో వేసి ముడి వేశారు.

తొమ్మిది నెలల్లో నాకు ఆయన వాసన మరుపుకొచ్చింది. ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే మెషిన్ నూనె వాసనే వస్తుంది, అది నా కుట్టుమిషనుదో ఆయనదో తెలియదు. నా దగ్గర ఆయనది ఒక్క నూలుపోగు లేదు. అది మాత్రం మీ శిష్యుడు అడిగిన ప్రశ్న కంటే పెద్దది నాకు.

సింధూజ


బమ్రోలి
8 జూన్ 2025

బిడ్డా,

సంజాయిషీ ఇవ్వనన్నాను. ఇస్తున్నాను.

అంగీ అడిగావు. విన్నాను. ఆ అంగీ ఇంట్లో ఉంటే నేను దాన్ని పట్టుకుని పడిపోతానని భయపడి నీకు ఇవ్వలేదు. ధర్మం చెప్పినట్టు చెప్పాను గాని అది భయం.

సౌభాగ్యవతి అన్న మాట రాశాక చూసుకున్నాను. కొట్టేయడానికి కలం పెట్టాను. ఆ మాటను నా చేత్తో అడ్డంగా కొట్టడం నాకు చేతకాలేదు. అలవాటని బొంకాను.

ఇక మూడో రోజు. ప్రణయ్ ఎనిమిది మగ్గాలు చూసేవాడు. ఏడింటిని ఆ సాయంత్రమే వేరేవాళ్ళకు ఇచ్చారు. పద్నాలుగో నంబరు ముందు కూర్చుని పోయాడు కాబట్టి దాన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు. సగం నేసిన తాకా, ఆ బట్టచుట్ట, అట్లాగే మగ్గం మీద ఉండిపోయింది. ఒంట్లో అంత బాధలో కూడా వాడు మగ్గాన్ని తన చేత్తో ఆపాడు బిడ్డా. ఒక్క దారం తెగలేదు. మూడో రోజు పొద్దున కారఖానా యజమాని సేఠ్ కబురు పంపాడు, కొత్త మనిషిని ఎక్కిస్తున్నానని. వాడు మొదలుపెట్టిన బట్ట మీద పరాయి చెయ్యి పడుతుందంటే నేను నిలవలేకపోయాను. నువ్వు నా చేతిలో చూసిన డబ్బా వాడిదే. ఖాళీది. ఒట్టి చేతులతో ఆ మగ్గం దాకా నడవలేక పట్టుకుపోయాను.

సాయంత్రానికి తాకా నిండింది. చివర నేసినవాడి నంబరు రాస్తారు. నేను వాడి నంబరే రాశాను. కత్తెర తీసుకుని సేఠ్ ముందు నిలబడ్డాను. "క్యా చాహియే సోమలింగం?" అన్నాడు. నడుమ నుంచి మూడు మీటర్లు కావాలన్నాను. "లే జా" అని, తీసుకుపొమ్మని ముఖం తిప్పుకున్నాడు.

మగ్గం ఆగి మళ్ళీ మొదలైన చోట బట్టలో సన్న గీత పడుతుంది. అది నేతలో లోపమంటారు, మంచి నేతగాడు పడనివ్వడు. నేనూ పడకుండా చేయగలిగేవాణ్ణి. చేయలేదు. గీతకు ఇటు ఒకటిన్నర మీటరు వాడు నేసింది. అటు ఒకటిన్నర నేను నేసింది.

పది నెలలు ఇనుప పెట్టెలో, నా పుస్తకాల అడుగున దాచాను. ఊరికి పాత బట్ట మీద మోహం వద్దని చెప్పి, దాన్ని రోజూ తాకి గుడికి పోయాను. నిన్న మీ అత్త ముందు తెరిచాను. ఆమె చాలాసేపు దాన్ని చూసి, నా ముఖం తన వైపు తిప్పుకుని, "పది నెలలు నేను తల పెట్టి పండింది గీ పెట్టె మీదనేనా? చెప్తే నీ సొమ్మేం పోతుండె" అన్నది.

ఇవ్వాళ పోస్టులో పంపాను. ఇది నీది. నేసినవాడు పోయాడు, బట్ట ఉంది.

నీ మామ


సిరిసిల్ల
29 జూన్ 2025

మామయ్యకు,

పార్సెలు ముందు వచ్చింది, ఉత్తరం నాలుగు రోజులకు వచ్చింది. విప్పితే తెల్లబట్ట. మూడు మీటర్లు. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని కూలబడింది. "ముండమోసిన పిల్లకు తెల్లబట్ట పంపిండా, గా ముసలోడు మనిషేనా" అని గల్లీ అంతా వినపడేలా తిట్టింది. నాలుగు రోజులు దాన్ని వాకిట్లో తీగ మీద వేసి ఉంచాం, ఎవరూ లోపలికి తేలేదు. ఒక రాత్రి వాన కూడా పడింది. రంగు మిల్లుకు పోని బట్ట తెల్లగానే ఉంటుందని, మగ్గాల ఇంట పుట్టి కూడా నాకు తట్టలేదు.

ఉత్తరం చదివి తీగ దగ్గరకు పోయాను. గీత కంటికి దొరకలేదు. కళ్ళు మూసుకుని వేలితో వెతికాను. దొరికింది.

కొసలు రెండూ మడిచి కుట్టాను. ఇస్త్రీ చేయను. గీత అణిగిపోతుంది. దాన్ని ఏమీ కుట్టను, కట్టుకోను. అట్లాగే ఉంటుంది.

సంవత్సరికానికి రాను, మామయ్యా. కోపంతో కాదు. నేను వస్తే మీరు నా ముందు మళ్ళీ నిబ్బరంగా నిలబడతారు. ఊరు చూస్తుందని నిలబడతారు. అది చూసే శక్తి నాకు ఈ జన్మకు లేదు.

నాకోసం ఒక్క పని చేయండి. ఆ రోజు మైకు పెట్టించకండి. పుస్తకం తెరవకండి.

అత్తమ్మకు ఫోను చేశాను. మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నదట.

మీ కోడలు
సింధూజ


బమ్రోలి
30 జూలై 2025

బిడ్డా సింధూజా,

నిన్న నాగపంచమి. మంగళవారం కూడా. వాన తెరిపి ఇచ్చింది. తాపి నిండుగా, మట్టిరంగులో పారుతోంది. నేను పిలవలేదు గాని దేశాయి సారు, బెన్, వీణ వచ్చారు. ఆ రోజు వాళ్ళ చదువు మానుకున్నారట. వీణ నా చెప్పులు సంచిలో పెట్టుకుని వచ్చింది, ఏప్రిల్ నుంచి దాచిందట.

పిండాలు పెట్టాను. నువ్వులు, నీళ్ళు వదిలాను. మన బస్తీ జనం నలభై యాభై మంది ఒడ్డున కూర్చున్నారు. అలవాటు ప్రకారం అందరూ నా నోటి వైపు చూశారు. మైకు లేదు. పుస్తకం సంచిలోనే ఉంది, మీ అత్త దాని మీద కూర్చుంది, నేను తీస్తానేమోనని.

లేచి నిలబడ్డాను. ఏమీ చెప్పకుండా కూర్చుందామనే అనుకున్నాను. ఇంతలో నీళ్ళలో ఎవరిదో బట్టల మూట కొట్టుకుపోతోంది. ఎవరి ఇంటిదో. ముడి వదిలి, ఒక అంగీ చెయ్యి బయటికి వచ్చి ఉంది. నీలి గీతలది కాదు బిడ్డా, వేరే ఏదో. అయినా నేను నీళ్ళలోకి దిగాను. నడుము దాకా దిగాను. అందలేదు. రాజలింగం, ఇంకెవరో ఇద్దరు పట్టి లాక్కొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టారు.

ఆ తర్వాత నాకు తెలిసింది ఇంతే. నా నోరు తెరిచి ఉంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మీ అత్త నా తల తన ఒడిలోకి లాక్కుంది. జనం అందరూ లేచి నిలబడ్డారు. బెన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకైతే ఎప్పటిలాగా మగ్గం ఆడుతున్న చప్పుడే.

నా ఏడుపు నాకు వినపడలేదు బిడ్డా. చాలాసేపటికి రాజలింగం వచ్చి నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు. నేను చదవగలిగేలా, పెదవులు మెల్లగా కదిలించి చెప్పాడు.

"అన్నా, అవతలి ఒడ్డు దాక వినపడ్డది."

నీ మామ
సోమలింగం